కోలారు రాజుల జెండాకెక్కిన నెమలి కుంచె

కువలాలపురం, అంటే నేటి కోలారు, రాజధానిగా ఏలిన పశ్చిమ గాంగుల యుద్ధపతాకం నెమలి పింఛం. చీమకైనా హాని కలగకూడదని దిగంబర జైనముని చేతపట్టే పింఛిక అది. అహింసావ్రతానికి వాడే పనిముట్టు సేనల ముందు నడవడం మన చరిత్రలో చాలా అరుదైన సంగతి.

గాంగులకు ఆ పింఛాన్ని ఇచ్చిన ముని పేరు సింహనంది. శివమొగ్గ దగ్గరి కల్లూరుగుడ్డలో 12వ శతాబ్దపు శాసనం ఆ కథను తీరికగా చెబుతుంది. దడిగుడు, మాధవుడు అనే అన్నదమ్ములు రాజ్యం వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చి పేరూరులో సింహనందిని కలిశారు. కడప జిల్లాలోని ఆ ఊరు నేటికీ గంగపేరూరే. ముని వారికి విద్య నేర్పాడు. మాధవుడు ఒక్క కత్తివేటుతో రాతిస్తంభాన్ని నరికాడు. ముని కొండగోగు పూరేకులతో కిరీటం కట్టి, తలపై అక్షతలు చల్లి, తన పింఛాన్నే జెండాగా ఇచ్చాడు. నందగిరి కోటగా, కువలాలం రాజధానిగా రాజ్యం వెలసింది.

వరంతోపాటు ముని షరతులూ పెట్టాడు. మాట తప్పినా, జినశాసనాన్ని కాదన్నా, పరస్త్రీని చేపట్టినా, మద్యమాంసాలు ముట్టినా, అడిగినవారికి పెట్టకపోయినా, యుద్ధంలో వెన్ను చూపినా వంశం నశిస్తుందన్నాడు. సర్వసంగ పరిత్యాగి యుద్ధధర్మం చెప్పడం వింతగా తోచవచ్చు. కానీ జైనంలో శ్రావకుడికి, అంటే గృహస్థుకు, పరిమితమైన అణువ్రతాలు; మునికి సంపూర్ణమైన మహావ్రతాలు. గృహస్థుకు చెప్పవలసిందే ఆయన చెప్పాడు.

కథ రాతికెక్కేనాటికి వంశం పుట్టి 750 ఏళ్లు దాటింది. అంతమాత్రాన కట్టుకథ అని తోసెయ్యడం తొందరపాటే. 10వ శతాబ్దపు ఉదయేందిరం రాగిరేకులు కూడా గాంగుల అభివృద్ధికి సింహనందే కారణమంటాయి. వాణియంబాడి దగ్గర ఉంది ఆ ఉదయేందిరం.

సింహనంది నడిచిన మార్గం కఠినమైనది. దిగంబర ముని పాటించవలసిన మూలగుణాలు 28. జుట్టు చేత్తో పెరుక్కోవాలి. రోజుకు ఒక్కసారే, నిలబడి, దోసిట్లో తినాలి. వానాకాలపు చాతుర్మాస్యంలో తప్ప ఒకచోట స్థిరపడకూడదు. వెంట ఉండేవి పింఛిక, కమండలువు, శాస్త్రగ్రంథం. కూర్చునే ముందు, పడుకునే ముందు, పుస్తకం తీసేముందు ఆ చోటును పింఛికతో తుడవాలి. నెమలి ఈక దుమ్ము పట్టదు, చెమట పీల్చదు, తేలిక, మెత్తన. అందుకే దాన్ని ఎంచుకున్నారు. అదీ నెమలి తనంతట రాల్చిన ఈకే కావాలి.

ఈ కుంచె మీద పెద్ద వాదాలే నడిచాయి. తత్త్వార్థసూత్రం రాసిన ఉమాస్వామికి గృధ్రపింఛుడని పేరుంది, ఆయన శిష్యుడు బలాకపింఛుడు. ఒకరికి గద్ద పేరు, మరొకరికి కొంగ పేరు! ఆవుతోక వెంట్రుకలు వాడినవారినీ, కుంచే వద్దన్నవారినీ 10వ శతాబ్దంలో దేవసేనుడు ‘దర్శనసారం’లో జైనాభాసులు, అంటే పేరుకే జైనులు, అన్నాడు. శ్వేతాంబరులది ఉన్ని కుంచె.

గాంగుల్లో ముని మార్గానికి బాగా దగ్గరగా వెళ్లింది రెండో మారసింహుడు. రాజ్యం వదిలి, 974 ప్రాంతంలో బంకాపురంలో అజితసేన ముని పాదాల వద్ద సల్లేఖనంతో, అంటే ఆహారం మానే వ్రతంతో, ప్రాణం విడిచాడు. తర్వాత కొన్నేళ్లకే ఆ వంశపు మంత్రి చావుండరాయడు శ్రవణబెళగొళలో 57 అడుగుల గొమ్మటేశ్వరుణ్ణి నిలిపాడు. 1004 ప్రాంతంలో చోళులు గాంగుల తర్వాతి రాజధాని తలకాడును పట్టుకున్నారు. గాంగుల ఏలుబడి ముగిసింది, పింఛధ్వజం దిగింది. అక్కడి నుంచి కోలారు సీమలో జైనుల జాడ పలచబడిపోయింది.

చాతుర్మాస్యం ముగిశాక దిగంబర మునులు ఇప్పటికీ పింఛిక మార్చుకుంటారు. పాతది, వ్రతనియమం పూనిన గృహస్థుకు దక్కుతుంది. జెండా మాత్రం జనం జ్ఞాపకంలో లేదు. కోలారు అనగానే 1880 నుంచి 2001 దాకా తవ్విన బంగారమే గుర్తొస్తుంది. అక్కడి బడిపిల్లలకు గనుల కథతోపాటు సింహనంది కథ కూడా చెప్పాలి.