నడిమి ఆసనము

1919 మే నెలలో పారిసు నగరమున సంధి షరతులను చర్చించుచుండిన లాయిడ్ జార్జి, ఒర్లాండో, క్లెమెన్సో, విల్సను అను నలువురు నాయకులును ఒకే వరుసలో నిలుచుండి ఛాయాచిత్రము తీయించుకొనిరి. నిలుచున్న నలువురి వరుసలో అగ్రస్థానము ఇది యని చూపుట కష్టము. అందువలన ఆ చిత్రములో హోదాకంటె వ్యక్తుల పోలికలే మన చూపునాకర్షించును. రెండవ ప్రపంచయుద్ధమునాటికి మిత్రరాజ్యాధినేతల చిత్రములలో కుర్చీలు ప్రత్యక్షమైనవి.

నా తలంపున దీనికి మొదటి కారణము రాజమర్యాద కాదు, ఒక మనుష్యుని శరీరబాధ. 1921లో పోలియో సోకి కాళ్లు చచ్చుబడిన రూజ్వెల్టు ఉక్కు పట్టీలు బిగించుకొని ఒకరి చేయి ఊతగా గొననిదే నిలువజాలడు. 1941 ఆగష్టు 10న న్యూఫౌండ్‌లాండు తీరమున 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' యుద్ధనౌకపై జరిగిన ఆదివార ప్రార్థనకు ఆయన కుమారుని చేయి పట్టుకొని అడుగులో అడుగు వేయుచు వచ్చి కూర్చుండెను. చర్చిలు ఆయన ప్రక్కనే ఆసీనుడయ్యెను. సేనానులు వెనుక నిలిచిరి. కూర్చున్నవారు ప్రభువులు, నిలుచున్నవారు పరివారము అను భావము మన దర్బారు చిత్రములనెరిగిన వారికి క్రొత్తది కాదు. ఆ భావము ఇచ్చట ఒక దౌర్బల్యమును మరుగుపరచి, దానినే గౌరవచిహ్నముగా మార్చినది.

1943 జనవరిలో కాసాబ్లాంకాలో పచ్చికబయలుపై నాలుగు కుర్చీలు వేసిరి. పరస్పరము పొసగని ఫ్రెంచి సేనానులు జిరో, డిగాల్ ఇరువురును లేచి, ఛాయాగ్రాహకుల యెదుట, బిగిసిన ముఖములతో కరచాలనము చేసిరి. రూజ్వెల్టు, చర్చిలు కూర్చుండియే చూచుచుండిరి. ఫ్రాన్సు నిలుచుండగా ఆంగ్లామెరికనులు ఆసీనులై యున్న ఆ దృశ్యము నాటి బలాబలములను ఏ ప్రకటనకంటెను స్పష్టముగా తెలిపినది.

ఆ యేడు నవంబరులో కైరోలో చియాంగ్ కైషేకు, రూజ్వెల్టు, చర్చిలు, చియాంగ్ సతీమణి ఒకే పంక్తిని కూర్చుండిరి. చీనా మహారాజ్యములలో చేరినదని ఆ పంక్తి లోకమునకు చాటినది. సోవియట్ దేశము అప్పటికి జపానుతో తటస్థ సంధి పాటించుచుండుటచే స్టాలిను అచ్చటికి రాలేదు.

కొలదిదినములకే టెహరానులో, సోవియట్ రాయబార కార్యాలయపు స్తంభముల ముంగిట, స్టాలినుకును చర్చిలుకును నడుమ రూజ్వెల్టు కూర్చుండెను. మువ్వురిలో రాజ్యాధినేత యాతడొక్కడే. చర్చిలు రాజుగారి మంత్రి, స్టాలిను ప్రభుత్వాధినేత మాత్రమే. ఇరుప్రక్కల సైనికదుస్తులు, నడుమ పౌరదుస్తులు: ఈ అమరిక ఎవరు తలపెట్టినదైనను, ప్రజాప్రభుత్వమునకు గొప్ప గౌరవము కూర్చినది.

1945 ఫిబ్రవరిలో యాల్టాయందలి లివాడియా ప్రాసాదపు ముంగిట తివాచీలు పరచి మరల మూడు కుర్చీలు వేసిరి. ఈ మారు చర్చిలు ఎడమకును, స్టాలిను కుడికిని మారిరి, నడిమివాడు మారలేదు. భుజములపై నల్లని అంగీ కప్పుకొని, వ్రేళ్ల నడుమ సిగరెట్టుతో, చిక్కి పాలిపోయిన ముఖముతో ఆయన కనబడును. చూచువారికి గుండె బరువెక్కును; ఏప్రిలు 12న ఆయన మరణించెను.

జూలైలో పోట్స్‌డాంలో, రూజ్వెల్టు స్థానమునకు వచ్చిన ట్రూమను కాళ్లు చక్కగనే యుండినవి. మువ్వురును నిలిచి చేతులు కలుపుకొన్న చిత్రమును కలదు. అయినను అల్లిక కుర్చీలు వేసిరి, నడిమి ఆసనము ట్రూమనుకే దక్కినది. ఒకని యవసరము అందరి యాచారమైనదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఆంగ్లదేశపు ఎన్నికలలో ఓడిన చర్చిలు స్థానమున ఆట్లీ వచ్చి కూర్చుండెను. టెహరానునాటి మువ్వురిలో స్టాలిను ఒక్కడే మిగిలెను.

ఆసనము దొరకినవాని గౌరవమును ఈ చిత్రములు చెప్పును గాని, ఆ గౌరవము ఎన్నాళ్లు నిలిచెనో చెప్పవు. కైరోలో పంక్తిలో కూర్చున్న చియాంగును యాల్టాకు పిలువలేదు. మంచూరియా రైలుమార్గములపైనను, పోర్టు ఆర్థరు, డైరెన్ రేవులపైనను సోవియట్లకు హక్కులిచ్చుటకు యాల్టాలోనివారు రహస్యముగా ఒప్పుకొని, చియాంగ్ సమ్మతిని తరువాత సంపాదింపవలెనని ఆ పత్రములోనే వ్రాసికొనిరి.