పీహెచ్‌డీలో చేరారా? ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు ఏ ట్రైనింగ్‌లు తప్పనిసరి? ఎవరి అనుమతి కావాలి?

2010 ఏప్రిల్. దిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌లో కొందరు ఉన్నట్టుండి జబ్బు పడ్డారు. చర్మం కాలినట్లు నల్లబడింది, జుట్టు రాలిపోయింది. ఆస్పత్రిలో చేరిన వారిలో ఒకరు చనిపోయారు. కారణం ఏమిటా అని ఆరా తీస్తే, వాళ్లు విడగొట్టిన ఒక పాత యంత్రంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉందని తేలింది.

ఆ యంత్రం ఏ ఫ్యాక్టరీదో కాదు, దిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగానిది. దాదాపు పాతికేళ్లుగా వాడకుండా మూలన పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో మిగతా పాత సామాన్లతో పాటు దాన్నీ వేలంలో అమ్మేశారు. నిబంధనల ప్రకారం అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి లేకుండా అలాంటి వస్తువు క్యాంపస్ గేటు దాటకూడదు. లోపల ఏముందో, దాన్ని ఎలా వదిలించుకోవాలో తెలిసినవారు ఆ సమయంలో అక్కడ ఉండి ఉంటే ఒక ప్రాణం నిలిచేది.

పరిశోధకులకు సేఫ్టీ ట్రైనింగ్ అంటే ఏటా ఒకరోజు సెమినార్ హాల్లో కూర్చుని సంతకం పెట్టి రావడం అనుకునేవారు చాలామంది. కానీ ఈ ట్రైనింగ్‌లలో కొన్ని చట్టం ప్రకారం తప్పనిసరి. కొన్ని లేకపోతే పీహెచ్‌డీ ముందుకు కదలదు. ప్రాణాలకు ముప్పు ఎక్కువగా ఉండే ఒక విషయంలో మాత్రం అంతా సంస్థకే వదిలేశారు. అక్కడ స్కాలర్ స్వయంగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఒక్క చూపులో: మీ పరిశోధన దేనిపైన?

- ఏ సబ్జెక్ట్ అయినా: రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సు (యూజీసీ)
- మనుషులు, వారి రక్త నమూనాలు, ఆరోగ్య సర్వేలు: ఎథిక్స్ కమిటీ (ఐసీఎంఆర్ మార్గదర్శకాలు)
- ఎలుకలు, కుందేళ్లు వంటి జంతువులు: జంతు ఎథిక్స్ కమిటీ (సీసీఎస్ఈఏ)
- సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి: బయోసేఫ్టీ కమిటీ (ఐబీఎస్‌సీ)
- రేడియోధార్మిక పదార్థాలు, ఎక్స్‌రే పరికరాలు: రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ (ఏఈఆర్‌బీ)
- రసాయనాలు, గ్యాస్ సిలిండర్లు, లేజర్లు: మీ సంస్థ సొంత సేఫ్టీ నియమాలు

ఒక పరిశోధనకు వీటిలో రెండు మూడు కూడా వర్తించవచ్చు. ఉదాహరణకు, జన్యువు మార్చిన ఎలుకలపై మందు పరీక్షించాలంటే జంతు ఎథిక్స్ కమిటీ, బయోసేఫ్టీ కమిటీ రెండింటి అనుమతీ ఉండాలి.

అందరికీ తప్పనిసరి అయినది ఏది?

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినా, టెలిస్కోప్ డేటాతో చేసినా తప్పించుకోలేనిది రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సు. 2019లో యూజీసీ దీన్ని ప్రవేశపెట్టింది. 2 క్రెడిట్లు, 30 గంటలు. పరిశోధనలో నిజాయితీ, డేటా కల్పించడం, మార్చడం, నకిలీ జర్నళ్లను గుర్తించడం, కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాడకం వంటివి ఇందులో ఉంటాయి.

2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఈ ఎథిక్స్ కోర్సు కూడా అందులో భాగమే. కోర్స్‌వర్క్‌లో కనీసం 55 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడ్ వస్తేనే పరిశోధన కొనసాగించి థీసిస్ సమర్పించే అర్హత ఉంటుంది.

కాపీ అని తేలితే ఏం జరుగుతుంది?

2018 యూజీసీ నిబంధనలు థీసిస్‌లోని పోలిక శాతాన్ని బట్టి శిక్షలు నిర్ణయించాయి.

- 10 శాతం వరకు: శిక్ష లేదు
- 10 నుంచి 40 శాతం: 6 నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి
- 40 నుంచి 60 శాతం: ఏడాది పాటు సవరించిన థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు
- 60 శాతం పైన: రిజిస్ట్రేషన్ రద్దు

సరైన ఆధారం చూపి ఉటంకించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా వంటివి ఈ లెక్కలోకి రావు. విద్యార్థులకు, అధ్యాపకులకు ఈ అంశంపై ప్రతి సెమిస్టర్‌లో అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కూడా ఈ నిబంధనలు చెబుతున్నాయి. మీ దగ్గర పెట్టకపోతే అడిగే హక్కు మీకు ఉంది.

మనుషులపై పరిశోధన: సంతకం ఎవరు పెట్టాలి?

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. కానీ అదే విచారణలో మరో విషయం బయటపడింది. చాలా అంగీకార పత్రాలపై తల్లిదండ్రుల సంతకాల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో పాల్గొనేవారికి అంతా వారి భాషలో, వారికి అర్థమయ్యేలా వివరించాలి. చదవడం రాని వారైతే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట అంగీకారం తీసుకోవాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి కావాలి. 7 ఏళ్లు దాటిన పిల్లల సమ్మతిని కూడా విడిగా అడగాలి. మనుషులపై పరిశోధన చేసేవారికి ఇచ్చే ట్రైనింగ్‌లో ముందుగా నేర్పేది ఇదే.

2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మెడికల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులు, అధ్యాపకులు చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు పూర్తి చేయాలి.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది: అనుమతి వచ్చాకే డేటా సేకరణ మొదలుపెట్టాలి. 200 మందిని సర్వే చేశాక దరఖాస్తు పెట్టుకుంటే ఆ శ్రమంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. మంచి జర్నళ్లు పేపర్ తీసుకునేటప్పుడే అనుమతి నంబర్ అడుగుతాయి.

జంతువులు, సూక్ష్మజీవులతో పని చేస్తుంటే?

జంతువులపై ప్రయోగాలకు 1960 జంతుహింస నివారణ చట్టం వర్తిస్తుంది. సంస్థ సీసీఎస్ఈఏ వద్ద రిజిస్టర్ అయి ఉండాలి. సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీలో సీసీఎస్ఈఏ ప్రతినిధి కూడా ఉంటారు. ఎన్ని జంతువులు కావాలి, అంతకంటే తక్కువతో సరిపోదా, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అని కమిటీ అడుగుతుంది. జంతువును సరిగా పట్టుకోవడం, సూది వేయడం, మత్తు ఇవ్వడం చేతితో నేర్చుకోవాల్సిన పనులు. వీడియో చూస్తే సరిపోదు. ల్యాబ్ జంతువుల సంరక్షణపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ల తరబడి శిక్షణ కోర్సులు నడిపింది.

జన్యుమార్పిడి, ప్రమాదకర సూక్ష్మజీవుల పనికి 1989 నిబంధనలు వర్తిస్తాయి. సూక్ష్మజీవులను ప్రమాదాన్ని బట్టి 4 రిస్క్ గ్రూపులుగా విభజించారు. ల్యాబ్‌లకూ బీఎస్ఎల్-1 నుంచి బీఎస్ఎల్-4 వరకు స్థాయిలు ఉన్నాయి. ఏ జీవిని ఏ స్థాయి ల్యాబ్‌లో ముట్టుకోవచ్చో సంస్థ బయోసేఫ్టీ కమిటీ చూస్తుంది.

చెత్త విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి చేరినప్పుడు, ఆ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి ట్రైనింగ్ ఇవ్వాలి. హెపటైటిస్-బి, టెటనస్ టీకాలు వేయించాలి. రక్తం అంటిన దూది పసుపు బ్యాగ్‌లో, ప్లాస్టిక్ ట్యూబులు ఎరుపు బ్యాగ్‌లో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు నీలం డబ్బాలో వేయాలి. స్కాలర్ సూదిని మామూలు చెత్తబుట్టలో పడేస్తే, అది గుచ్చుకునేది మర్నాడు ఊడ్చడానికి వచ్చే ఆయమ్మకు.

రేడియేషన్ పనికి ఎవరు అర్హులు?

రేడియోధార్మిక పదార్థం వాడే సంస్థకు ఏఈఆర్‌బీ అనుమతి, ఏఈఆర్‌బీ ఆమోదించిన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. అక్కడ పనిచేసేవారు టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది నమోదు చేస్తుంది. ఈ రంగంలో పనిచేసేవారికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. స్నేహితుడి బ్యాడ్జ్ పెట్టుకోవడం, మీ బ్యాడ్జ్‌ను రేడియేషన్ ఉన్నచోట వదిలేసి వెళ్లడం వల్ల ఆ లెక్కకు విలువ లేకుండా పోతుంది.

మరి రసాయనాల సంగతేంటి?

చిక్కంతా ఇక్కడే. క్యాంపస్‌లలో ఎక్కువమంది రోజూ వాడేవి రసాయనాలు, గ్యాస్ సిలిండర్లే. కానీ రేడియేషన్‌కు ఏఈఆర్‌బీ ఉన్నట్లు, యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లకు ప్రత్యేకంగా ఒక నియంత్రణ సంస్థ లేదు. కొన్ని సంస్థలు సేఫ్టీ పరీక్ష పాసైతేనే ల్యాబ్‌లోకి రానిస్తాయి. మరికొన్నిచోట్ల సీనియర్ ఎలా చేస్తే జూనియర్ అలా చేయడమే ట్రైనింగ్.

2018 డిసెంబర్‌లో బెంగళూరులోని ఐఐఎస్‌సీలో జరిగిన పేలుడులో ఒక పరిశోధకుడు చనిపోయారు. మరో ముగ్గురు గాయపడ్డారు. దేశంలోనే పేరున్న సంస్థలో జరిగిన ప్రమాదం ఇది.

ట్రైనింగ్ ఇచ్చినట్లు రికార్డు లేకపోతే బాధ్యత ఎక్కడి వరకు వెళ్తుందో అమెరికాలోని ఒక కేసు చూపించింది. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ ఒకరు గాలి తగిలితే మండే రసాయనాన్ని సిరంజితో తీస్తున్నారు. ప్లంజర్ ఊడి మంటలు అంటుకున్నాయి. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటిపై సింథటిక్ స్వెటర్ ఉంది. 18 రోజుల తర్వాత ఆమె చనిపోయారు. అక్కడి కార్మిక భద్రతా విభాగం యూనివర్సిటీకి జరిమానా వేసింది. 2011లో యూనివర్సిటీపైనా, ఆ ల్యాబ్ ప్రొఫెసర్‌పైనా క్రిమినల్ కేసులు నమోదయ్యాయి. ల్యాబ్ భద్రతా చర్యలు కఠినం చేస్తామని ఒప్పుకున్నాక 2012లో యూనివర్సిటీపై కేసు ముగిసింది. 2014లో ప్రొఫెసర్ కూడా షరతులతో ఒప్పందానికి వచ్చారు.

కోటు వేసుకోవడం, సరైన సిరంజి ఎంచుకోవడం ఒక గంట ట్రైనింగ్‌లో నేర్పే విషయాలే.

మంచి ల్యాబ్ ట్రైనింగ్‌లో ఏం ఉండాలి?

- మీరు వాడే ప్రతి రసాయనం సేఫ్టీ డేటా షీట్ చదవడం
- ఏ గ్లోవ్స్ ఏ రసాయనాన్ని ఆపుతాయో తెలియడం. ఒకే రకం గ్లోవ్స్ అన్నిటికీ పనికిరావు
- సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టడం, లీకేజీ చూడటం
- ద్రవ నైట్రోజన్ జాగ్రత్తలు. ఒక లీటరు ఆవిరైతే సుమారు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది. మూసిన గదిలో ఊపిరాడక ప్రాణం పోతుంది
- హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడితే కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉంచుకోవడం
- సేఫ్టీ షవర్, ఐవాష్, మంటలార్పే పరికరం ఎక్కడున్నాయో చూపించి, వాడించి చూపడం
- రాత్రి ఒంటరిగా ఏ ప్రయోగాలు చేయకూడదో రాతపూర్వకంగా చెప్పడం

అమెరికా వెళ్తున్నవారికి ఏం తేడా?

అక్కడి యూనివర్సిటీల్లో పరిశోధనకు చేరే తెలుగు విద్యార్థులకు మొదటి వారాల్లోనే ఆన్‌లైన్ ట్రైనింగ్‌ల జాబితా వస్తుంది. ల్యాబ్ ఉద్యోగులకు రసాయనాల ముప్పుపై ముందే ట్రైనింగ్ ఇవ్వాలని 1990 నాటి కార్మిక భద్రతా నిబంధన చెబుతోంది. ఎన్ఎస్ఎఫ్, ఎన్ఐహెచ్ నిధులతో పనిచేసేవారికి బాధ్యతాయుత పరిశోధనపై ట్రైనింగ్ ఉంటుంది. చాలా యూనివర్సిటీలు దీనికి సిటీ ప్రోగ్రామ్ అనే ఆన్‌లైన్ వేదికను వాడతాయి. వీటిని పెండింగ్‌లో పెడితే ల్యాబ్ యాక్సెస్ కార్డు ఆగిపోయే అవకాశం ఉంది. క్లిక్ చేస్తూ దాటేయకుండా చదవండి. ఇక్కడ చేసిన కోర్సు సర్టిఫికెట్ ఉన్నా అక్కడ మళ్లీ చేయాల్సి రావచ్చు.

చేరిన మొదటి వారంలో గైడ్‌ను ఏం అడగాలి?

1. నా పనికి ఏ కమిటీ అనుమతి కావాలి? అది ఇప్పటికే ఉందా, గడువు ఎప్పటి వరకు?
2. ఆ అనుమతి పత్రంలో నా పేరు చేర్చారా?
3. నేను ఏ ట్రైనింగ్‌లు పూర్తి చేయాలి? రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది?
4. ప్రమాదం జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేయాలి? రాత్రిపూట ఎవరు ఉంటారు?
5. ల్యాబ్‌లో ఎవరూ వాడని పాత రసాయనాలు, పరికరాల జాబితా ఉందా?

గైడ్‌ను ఇలా అడగడానికి మొహమాటం అనిపిస్తే మెయిల్ పెట్టండి. రాతలో ఉంటే మీకూ, గైడ్‌కూ మంచిదే. సర్టిఫికెట్ల కాపీలు ఫోన్‌లో దాచుకోండి. థీసిస్ సమర్పించేటప్పుడు, పేపర్ పంపేటప్పుడు, రేపు మీరే గైడ్ అయినప్పుడు అవి అవసరమవుతాయి.

ఇక అయిదో ప్రశ్నను మాత్రం వదలకండి. మాయాపురికి చేరిన ఆ యంత్రం గురించి యూనివర్సిటీలో ఎవరూ సమయానికి అడగని ప్రశ్న అదే.