రైలు, బస్సు విడిపోయిన క్రమం: హైదరాబాదు ప్రజారవాణా చరిత్రలో ఒక మలుపు

హైదరాబాదు రహదారుల రద్దీని గురించిన చర్చలలో ప్రయాణికుల అలవాట్లను తప్పుపట్టడం పరిపాటి. కారులోనో ద్విచక్ర వాహనంపైనో ఒంటరిగా వెళ్లేవారిని బస్సు ఎక్కేలా ఒప్పించగలిగితే చాలునన్నది ఆ వాదన. నగర రవాణా చరిత్ర మరో ప్రశ్నను ముందుకు తెస్తుంది: బస్సును, రైలును కలిపి ఆలోచించే బాధ్యత ఎవరిది?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సూటి సమాధానం ఉండేది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు వచ్చిన రైలుమార్గాన్ని నిర్వహిస్తున్న కంపెనీ నుండి నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను స్వాధీనం చేసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వేలో భాగంగానే రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. 27 బస్సులు, 166 మంది సిబ్బందితో అది మొదలైంది. బ్రిటిషిండియాలో ప్రైవేటు బస్సులు రైల్వేల ఆదాయానికి గండికొడుతున్నాయన్న ఆందోళన బలంగా ఉన్న రోజులవి. 1933 నాటి మిచెల్–కర్క్‌నెస్ నివేదిక ఆ పోటీనే పరిశీలించింది. హైదరాబాదు సంస్థానంలో మాత్రం రైల్వేయే బస్సు నడిపింది. దీనిని ఆదర్శీకరించనక్కరలేదు. ప్రయాణికుల సౌకర్యం కన్నా రైల్వే రాబడిని కాపాడుకోవడమే దీని వెనుక బలమైన ప్రేరణ అనుకోవచ్చు. అయినా రెండు సాధనాలూ ఒకే యాజమాన్యం కింద ఉన్నాయన్న వాస్తవం ముఖ్యమైనది.

ఈ ఐక్యత 1950–51లో చెదిరింది. 1950 ఏప్రిల్‌లో నిజాం రైల్వే కేంద్ర ప్రభుత్వ అధీనంలోకి వెళ్లింది. బస్సులు 1951 నవంబరులో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖ కిందికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందాయి. రాజ్యాంగం రైల్వేలను కేంద్ర జాబితాలో చేర్చింది. ఈ విభజన ఆ పరిపాలనా వ్యవస్థకు ఉపఫలమే తప్ప నగర ప్రయాణాన్ని గురించి ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు. బస్సుల నంబరులోని ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని జనంలో ప్రచారం ఉంది. ఆ కథ తెలిసినంతగా, తొలి బస్సులు రైల్వేవన్న సంగతి ప్రచారంలో లేదు.

తరువాతి ప్రయత్నాలన్నీ ఈ చీలికను మోస్తూనే సాగాయి. 2003 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం, రైల్వేలు కలిసి ఎం.ఎం.టి.ఎస్.ను ప్రారంభించాయి. దూరప్రాంత రైళ్లు తిరిగే పట్టాలనే అది పంచుకోవలసి రావడంతో రాకపోకల సంఖ్యకు పరిమితి ఏర్పడింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది; దాని నిర్వహణ మరో సంస్థది. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించిన మహాలక్ష్మి పథకం రోడ్డు రవాణా సంస్థ బస్సులకే వర్తించింది. బస్సులో ఛార్జీ లేకుండా వచ్చిన మహిళ మెట్రో ఎక్కాలంటే టికెట్టు కొనవలసిందే.

స్టేషను నుండి ఇంటి వరకు మిగిలే దూరంలో షేర్ ఆటో నిలదొక్కుకుంది. ఏ ప్రభుత్వ ప్రణాళికా దానిని సృష్టించలేదు. రవాణా చరిత్రకారులు సంస్థల వార్షికాలను తిరగేసినంత శ్రద్ధగా ఈ ఆటోల మార్గాలను నమోదు చేస్తే, 1951 తరువాత తెగిన అతుకులు నగరంలో ఎక్కడెక్కడ ఉన్నాయో స్పష్టంగా తెలుస్తుంది.