క్యాషింగ్ మీద పడిన నింద

పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకు ఏళ్లుగా తెలిసిన చిక్కు ఇది. డేటాబేస్‌లో రికార్డు మారింది, విడిగా చూస్తే కొత్త విలువే ఉంది, అప్లికేషన్ మాత్రం పాతదే చూపిస్తోంది. రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. వెంటనే నింద క్యాషింగ్ మీద పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒకప్పుడు క్వెరీ క్యాష్ ఉన్న మాట నిజమే. కానీ టేబుల్‌లో ఏ చిన్న మార్పు జరిగినా దానికి సంబంధించి దాచిన ఫలితాలన్నిటినీ అది కొట్టిపారేసేది. 2018లో విడుదలైన 8.0 వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. దోషి అదే అయితే దానితోపాటే పోవాలి కదా!

అసలు కారణం విడివిడిగా జరిగిన రెండు నిర్ణయాల్లో ఉంది. 1999 నాటి డీబీ-ఏపీఐ 2.0 ప్రమాణం ప్రకారం పైథాన్ డ్రైవర్లలో ఆటోకమిట్ మొదట ఆపి ఉండాలి. అందుకే ఒక్క సెలెక్ట్ రాసినా చడీచప్పుడు లేకుండా ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. 2010లో 5.5తో మైఎస్‌క్యూఎల్‌కు డిఫాల్ట్ ఇంజిన్ అయిన ఇన్నోడీబీ, రిపీటబుల్ రీడ్ అనే తన డిఫాల్ట్ పద్ధతిలో, తొలిసారి చదివిన నాటి స్థితినే ట్రాన్సాక్షన్ ముగిసేదాకా చూపిస్తుంది. రిక్వెస్ట్‌తోపాటే ట్రాన్సాక్షన్ ముగిసిపోతే ఇబ్బంది లేదు. గంటల తరబడి నడిచే వర్కర్ కమిట్ చేయకుండా చదువుతూ పోతే, ఎన్నిసార్లు అడిగినా ఉదయం నాటి జవాబే వస్తుంది. అదే కోడ్‌ను పోస్ట్‌గ్రెస్ మీద నడిపితే, అక్కడి డిఫాల్ట్ ప్రతి క్వెరీకీ అప్పటిదాకా కమిట్ అయిన విలువలను చూపే రీడ్ కమిటెడ్ కాబట్టి, కొత్త విలువ వస్తుంది. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో కూడా 2013లో ఆటోకమిట్‌ను, 2017లో మైఎస్‌క్యూఎల్‌కు రీడ్ కమిటెడ్‌ను డిఫాల్ట్ చేసుకుంది.

డేటాబేస్ రికార్డులను ఆబ్జెక్టులుగా అందించే ఓఆర్ఎమ్‌లు నిజంగానే ఫలితాలను దాచుకుంటాయి కదా అనవచ్చు. కాదనను. జాంగో క్వెరీసెట్ ఒకసారి తెచ్చిన ఫలితాన్ని తనలోనే ఉంచుకుంటుంది. దాన్ని మాడ్యూల్ స్థాయిలో పెట్టినవాళ్లకు అది క్యాషింగే. 2006లో వచ్చిన ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అనే ఓఆర్ఎమ్ సంగతి వేరు. దాని ఐడెంటిటీ మ్యాప్ ప్రధానంగా వేగం కోసం పెట్టింది కాదు. ఒకే రికార్డుకు రెండు ఆబ్జెక్టులు ఏర్పడి, ఒకదాని మార్పును మరొకటి చెరిపేయకుండా కాపాడటం దాని పని. అందుకే క్వెరీ నిజంగా డేటాబేస్‌కు వెళ్లి కొత్త వరుస తెచ్చినా, అప్పటికే లోడైన ఆబ్జెక్టును మామూలుగా మార్చదు. అందువల్ల వెతుకులాట ఎస్‌క్యూఎల్ లాగ్‌తో మొదలవ్వాలి. క్వెరీ వెళ్లలేదంటే అప్లికేషన్‌లోనే చూడాలి. వెళ్లిందంటే, అదే సెషన్‌లో ఆబ్జెక్టును కాకుండా ఆ ఒక్క కాలమ్‌ను అడగాలి. కొత్త విలువ వస్తే పాతది ఐడెంటిటీ మ్యాప్‌లో ఉన్నట్టు. అప్పుడూ పాతదే వస్తే, ఎక్కడో కమిట్ కాని ట్రాన్సాక్షన్ తెరిచి ఉందేమో చూడాలి.