బండి బరువు - బాట సుంకము

చెరకు కోతల దినములలో ఫ్యాక్టరీ కాటా ముందు బారులు తీరి నిలిచిన బండ్లను, ట్రాక్టర్లను మన శ్రోతలలో పలువురు చూచియే యుందురు. అచ్చటి తూకము రైతునకు రాబడి. అదే తూకము నడిబాటపై జరిగినచో ఖర్చు. ఈ రెండవ తూకము ఇంగ్లండు, వేల్సు దేశములలో రెండు శతాబ్దములకు పైగా ప్రజలను వేధించెను. ఆ కథను మనవి చేయ నెంచితిమి.

1622లో మొదటి జేమ్సు రాజు ఒక ప్రకటన వెలువరించెను. బాడుగబండికి రెండు చక్రములకు మించి ఉండరాదు. ఇరువది హండ్రెడ్‌వెయిట్లు, అనగా ఒక టన్నుకు మించి బరువు వేయరాదు. నాటివి మట్టిబాటలు. ఆయా గ్రామములవారు ఏటా కొన్ని దినములు కూలి లేక పనిచేసి వానిని బాగుచేయవలెను. బాటను పాడుచేయువాడు పైఊరి బేహారి, గోతులు పూడ్చువాడు ఆ ఊరి రైతు! ఈ అన్యాయమును తప్పించుటకే 1663లో బాటకడ్డముగ గేటు వేసి, వచ్చిపోవు బండ్లవద్దనే సుంకము గైకొను పద్ధతి ఆరంభమయ్యెను.

1741 నాటి చట్టముతో గేట్లవద్దకు తూకపు యంత్రములు వచ్చెను. బండి మొత్తము మూడు టన్నులు దాటినచో, దాటిన ప్రతి హండ్రెడ్‌వెయిట్‌కు 20 షిల్లింగులు చెల్లింపవలెను. 1753లో మరియొక ఉపాయము తోచెను: పెద్దబండ్ల చక్రపు పట్టా తొమ్మిది అంగుళముల వెడల్పు ఉండవలెను. వెడల్పు చక్రము రోలరువలె బాటను చదును చేయునని పెద్దల ఊహ. బండ్లవారు అంతకంటె గడుసువారు. చక్రమును తొమ్మిది అంగుళములకే చేయించి, నడిమి పట్టాను మాత్రము ఉబ్బెత్తుగ బిగించిరి. కొలచినచో చట్టము చెప్పిన వెడల్పే; నేలకు ఆనునది మాత్రము ఆ ఇరుకు పట్టాయే.

1816లో బ్రిస్టల్ బాటల సర్వేయరుగ నియమితుడైన జాన్ లౌడన్ మెకాడం ఈ వాదమునే తలక్రిందులు చేసెను. బాటకు తగినట్లు బండిని కుదించుట కాదు, బండికి తగినట్లు బాటను వేయవలెనని ఆతని మతము. మన కంకర రోడ్లు ఆతని పద్ధతికి చెందినవే. ఆతడు చెప్పినది సబబేనని మా తలంపు. కాని ఆ మంచి బాటకు సొమ్ము ఎవరిత్తురు?

ఈ చిక్కు వేల్సులో రగుల్కొనెను. పొలమునకు తోలు పెంటకు, నాగళ్లకు పలు చట్టములు సుంకము మినహాయించినవి. నైరుతి వేల్సునందలి నేల పులిసిన నేల. సున్నము చల్లనిదే పండదు. ఆ సున్నమును రైతు దూరపు బట్టీలనుండి బండిపై తెచ్చుకొనవలెను. దానికి సుంకము తప్పలేదు. గేట్లను వేలములో పాడుకొన్న గుత్తదారులు అడ్డదారులలో సైతము గేట్లు నిలిపిరి. బట్టీవద్ద సున్నపు వెలకంటె త్రోవసుంకమే అధికమైన చోట్లు కలవు.

1839 మే 13వ తేది రాత్రి, సున్నపు బండ్లకై కొత్తగ వేసిన ఎవాయిల్‌వెన్ గేటును రైతులు స్త్రీవేషములతో వచ్చి ధ్వంసము చేసిరి. వారి నాయకునకు 'రెబెకా' అని పేరు. బైబిలులో రెబెకా సంతతి శత్రువుల ద్వారములను వశపరచుకొనునని ఆశీర్వచనము కలదు. పేరు అందుండి వచ్చినదే. గేటు మరల వేసిరి, మరల కూలెను. 1843 నాటికి అలజడి చుట్టుప్రక్కల జిల్లాలకు ప్రాకెను. ఆ సెప్టెంబరులో హెండీ గేటు కాపలాదారు, డెబ్బది దాటిన వృద్ధురాలు, తుపాకి దెబ్బకు మరణించెను. ఛాతీలో రక్తము నిండుటచే చనిపోయినదనియు, దానికి కారణము తెలియదనియు జ్యూరీవారు తేల్చిరి. రైతుల బాధ ఎంత న్యాయమైనను ఈ ఒక్క మరణమును సమర్థించుటకు మాకు నోరు రాదు.

ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. 1844 చట్టముతో దక్షిణ వేల్సు బాటలు గుత్తదారుల చేతినుండి జిల్లా బోర్డుల క్రిందికి వచ్చెను; సున్నపు బండ్లపై సుంకము సగమునకు తగ్గెను.