గ్రాఫికల్ లాగిన్ మేనేజర్ (యూనిక్స్): లోపాలు, వాటిని సరిచేసే పద్ధతుల చరిత్ర

యూనిక్స్ లేదా లినక్స్ కంప్యూటరు ఆన్ చేయగానే తెర మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగి, సరిచూసుకుని డెస్క్‌టాప్ తెరిచే ప్రోగ్రామును గ్రాఫికల్ లాగిన్ మేనేజర్ అంటారు. ఎక్స్ విండో సిస్టమ్ పరిభాషలో దీని పేరు డిస్‌ప్లే మేనేజర్. ఎక్స్‌డీఎం, డీటీలాగిన్, కేడీఎం, జీడీఎం, లైట్‌డీఎం, ఎస్‌డీడీఎం ఈ కోవలో పేరున్నవి. చూడ్డానికి రెండు గడులున్న చిన్న తెరే. కానీ దాని వెనక సిస్టమ్ లేవగానే మొదట నడిచే ఇనిట్, తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్, పాస్‌వర్డ్ తనిఖీ, సెషన్ స్క్రిప్టు, యూజర్ హోమ్ డైరెక్టరీ ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా పనిచేయాలి. వీటిలో ఏది తప్పినా యూజర్‌కు సాధారణంగా కనిపించేవి మూడే: నల్లటి తెర, వెలిగి ఆరిపోతూ ఉండే తెర, పాస్‌వర్డ్ కొట్టాక మళ్లీ ప్రత్యక్షమయ్యే లాగిన్ తెర. లోపం ఏమిటో చూపించాల్సిన తెరే పనిచేయదు కాబట్టి అసలు కారణం బయటపడదు. అందుకే ఒక్కో లాగిన్ మేనేజర్‌ను బేరీజు వేయడానికి అడగాల్సినవి రెండు ప్రశ్నలు. దోష వివరం ఎక్కడ రాసిపెడుతుంది? తెర పనిచేయనప్పుడు లోపలికి వెళ్లడానికి రెండో దారి ఉంచిందా?

తెరకు ముందు

తొలినాళ్ల యూనిక్స్‌లో లాగిన్ అంతా అక్షరాలతోనే. ఇనిట్ ప్రతి టెర్మినల్ లైనుకూ గెట్టీని నడిపేది; గెట్టీ పేరు అడిగి లాగిన్ ప్రోగ్రామును పిలిచేది; అది పాస్‌వర్డ్ సరిచూసి షెల్ ఇచ్చేది. ఏం తప్పినా సందేశం అదే టెర్మినల్ మీద పడేది. 1984లో ఎంఐటీలో బాబ్ షీఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్ పని మొదలుపెట్టాక కూడా చాలాచోట్ల ముందు అక్షరాల తెరలో లాగిన్ అయి, ఆ తర్వాత ఎక్స్‌ఇనిట్ కమాండుతో విండోలు తెచ్చుకునేవారు. ఎక్స్ సర్వర్ కూలిపోతే యూజర్ తన షెల్‌కే తిరిగొచ్చేవాడు, దోష సందేశాలు కళ్లెదుటే ఉండేవి. ఇప్పటికీ లాగిన్ మేనేజర్ మొరాయిస్తే దాన్ని ఆపేసి, స్టార్ట్‌ఎక్స్ కమాండుతో డెస్క్‌టాప్ తెరిచి చూడటం పాత అలవాటు. తప్పు లాగిన్ మేనేజర్‌దా, దాని కిందున్న ఎక్స్ సర్వర్‌దా అన్నది దాంతో చాలావరకు తేలిపోతుంది.

ఎక్స్‌డీఎం

ఎక్స్ 11వ వెర్షన్ 1987 సెప్టెంబరులో వచ్చింది. 1988 అక్టోబరులో దాని మూడో విడుదలతో పాటు ఎక్స్‌డీఎం వచ్చింది. రాసినవారు ఎంఐటీ ఎక్స్ కన్సార్షియంలో పనిచేసిన కీత్ ప్యాకర్డ్. తర్వాత వచ్చిన లాగిన్ మేనేజర్లన్నిటికీ నమూనా ఇదే కాబట్టి దీని పనితీరు కాస్త వివరంగా తెలుసుకోవాలి.

ఎక్స్‌డీఎం ముఖ్య ప్రాసెస్ ఒక్కో డిస్‌ప్లేకు ఒక్కో పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ పిల్ల ప్రాసెస్ లాగిన్ తెర చూపి, పాస్‌వర్డ్ సరిపోయాక ఎక్స్‌స్టార్టప్ అనే స్క్రిప్టును రూట్ అధికారంతో నడుపుతుంది. ఆ తర్వాత ఎక్స్‌సెషన్ స్క్రిప్టు యూజర్ అధికారంతో నడుస్తుంది. ఎక్స్‌సెషన్ ముగిసిందంటే సెషన్ ముగిసినట్టే. ఎక్స్‌రీసెట్ స్క్రిప్టు నడిచి, మళ్లీ లాగిన్ తెర వస్తుంది. ఎన్నో చిక్కులకు మూలం ఈ ఒక్క నియమమే. సెషన్ స్క్రిప్టు ఏ కారణంతో ముగిసినా, యూజర్ తానుగా లాగౌట్ అయినా, ఎక్స్‌డీఎం దృష్టిలో రెండూ ఒకటే.

ఆ రోజుల్లో తరచూ ఎదురైన ఉదాహరణ ఒకటి చూద్దాం. యూజర్ తన హోమ్ డైరెక్టరీలో ఎక్స్‌సెషన్ ఫైలు రాసుకుంటాడు. గడియారం, ఎక్స్‌టెర్మ్, విండో మేనేజర్... ఇలా ఒక్కో వరుసలో ఒక్కో ప్రోగ్రాము. అన్నీ ఒకేసారి నడవాలి కదా అని ప్రతి వరుస చివరా బ్యాక్‌గ్రౌండ్ గుర్తు పెడతాడు. షెల్ వాటన్నిటినీ ఒక్క క్షణంలో మొదలుపెట్టి, ఇక చేయాల్సింది లేక ముగిసిపోతుంది. స్క్రిప్టు ముగియగానే సెషన్ ముగుస్తుంది, పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ తెర తిరిగొస్తుంది. మందు చాలా చిన్నది: చివరి వరుసలోని ప్రోగ్రాముకు, సాధారణంగా విండో మేనేజర్‌కు, ఆ గుర్తు తీసేయాలి. యూజర్ మాత్రం తన పాస్‌వర్డ్ పోయిందనుకుని అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి పరిగెత్తేవాడు.

ఇలాంటివి తప్పవని ప్యాకర్డ్‌కు ముందే తెలుసనడానికి ఎక్స్‌డీఎంలోనే ఆధారం ఉంది. పాస్‌వర్డ్ కొట్టాక ఎంటర్ బదులు ఎఫ్1 నొక్కితే యూజర్ స్క్రిప్టులను పక్కనపెట్టి ఒక్క ఎక్స్‌టెర్మ్ విండోతో ఫెయిల్‌సేఫ్ సెషన్ తెరుచుకుంటుంది. సెషన్ స్క్రిప్టు తన దోష సందేశాలను హోమ్ డైరెక్టరీలోని ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ ఫైలులో రాస్తుంది. అక్కడ రాయడం కుదరకపోతే తాత్కాలిక డైరెక్టరీలో యూజర్ పేరుతో మరో ఫైలు తెరుస్తుంది. హోమ్ డైరెక్టరీయే పాడైన సందర్భాన్ని కూడా ఊహించి రాసిన ఏర్పాటు ఇది. ఇంత ముందుచూపు తర్వాతి తరం ప్రోగ్రాముల్లో అంతగా కనిపించదు.

ఎక్స్ టెర్మినళ్లు

ఎక్స్‌డీఎం పుట్టుకకు ముఖ్య కారణం సొంత డిస్కు లేని ఎక్స్ టెర్మినళ్లు. తొలి ఎక్స్‌డీఎంకు ప్రతి టెర్మినల్ పేరూ ఫైలులో రాసి చెప్పాల్సి వచ్చేది. టెర్మినల్‌ను ఆపి మళ్లీ వేస్తే దానికి తెలిసేది కాదు. 1989 డిసెంబరులో నాలుగో విడుదలతో వచ్చిన ఎక్స్‌డీఎంసీపీ ప్రోటోకాల్ ఈ ఇబ్బంది తీర్చింది. టెర్మినలే యూడీపీ 177 పోర్టు మీద సర్వర్‌ను పలకరిస్తుంది, సర్వర్ ఒప్పుకుంటే లాగిన్ తెర పంపుతుంది.

దీంతో కొత్త రకం లోపం మొదలైంది. బూడిదరంగు గళ్ల తెర, మధ్యలో ఎక్స్ ఆకారపు కర్సర్, లాగిన్ గడులు మాత్రం రావు. పలకరింపు యూడీపీలో సర్వర్ వైపు వెళ్తే, లాగిన్ తెరను గీసే కనెక్షన్ టీసీపీ 6000 పోర్టు మీద టెర్మినల్ వైపు తిరిగి వస్తుంది. ఫైర్‌వాల్‌లో మొదటి దారి మాత్రమే తెరిచి రెండోది మరిచిపోతే గళ్ల తెరే మిగులుతుంది. టెర్మినల్ ఐపీ చిరునామాకు పేరు దొరక్కపోయినా, అనుమతుల ఫైలులో చోటు లేకపోయినా కనిపించేది ఇంచుమించు ఇదే.

డీటీలాగిన్

1993లో హెచ్‌పీ, ఐబీఎం, సన్ తదితర కంపెనీలు ఉమ్మడి డెస్క్‌టాప్ తెస్తామని ప్రకటించాయి. ఆ కామన్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌లోని లాగిన్ మేనేజరే డీటీలాగిన్. దీని తెర మీది ఆప్షన్స్ మెనూలోనే ఫెయిల్‌సేఫ్ సెషన్, కమాండ్ లైన్ లాగిన్ అనే ఎంపికలు ఉండేవి. రెండో దారిని రహస్య మీటగా దాచకుండా అందరికీ కనబడేలా పెట్టిన ఘనత దీనిది.

డీటీ మెసేజింగ్ సిస్టమ్ మొదలు కాలేదన్న సందేశం సోలారిస్, హెచ్‌పీ యూఎక్స్ వర్క్‌స్టేషన్ల అడ్మినిస్ట్రేటర్లందరికీ పరిచయమే. పాస్‌వర్డ్ సరిపోయేది, డెస్క్‌టాప్ మొదలవుతున్నట్టు కనిపించేది, అంతలో ఈ పెట్టె వచ్చేది. ఆ డెస్క్‌టాప్‌లోని ప్రోగ్రాములు టూల్‌టాక్ అనే సేవ ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఆ సేవ తన కంప్యూటరును పేరుతో వెతికి, నెట్‌వర్క్ మార్గంలోనే చేరుకునేది. కంప్యూటరు పేరు మార్చి ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్స్ ఫైలులో మార్చకపోతే, తన పేరు తనకే దొరక్క అక్కడే ఆగిపోయేది. నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఒంటరిగా ఉన్న కంప్యూటరు కూడా ఈ నెట్‌వర్క్ పేరు లోపంతో లాగిన్ ఇవ్వకపోవడం చూసి కొత్తవాళ్లు తికమకపడేవారు. అయితే ఆ సందేశమే మందు కూడా చెప్పేది: ఫెయిల్‌సేఫ్ సెషన్‌లో లాగిన్ అవండి, హోస్ట్స్ ఫైలులో పేరు సరిగా ఉందో లేదో చూడండి అని. దోష సందేశం ఎలా ఉండాలో చెప్పడానికి నేటికీ చూపదగ్గ నమూనా ఇది.

మరో చిక్కు యూజర్ ప్రొఫైల్ ఫైలుది. డీటీలాగిన్‌ను ఆ ఫైలు చదవమని అడిగితే, అందులో టెర్మినల్ రకం అడిగే వరుసలు ఉంటే, జవాబు ఇవ్వడానికి టెర్మినల్ లేక లాగిన్ అక్కడే వేలాడేది. అందుకని అలాంటి వరుసలు డెస్క్‌టాప్ లాగిన్‌లో నడవకుండా ముందు షరతు రాయమని సూచించేవారు. సర్వర్ దోషాలు వార్ డైరెక్టరీ కింద డీటీ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎర్రర్స్ ఫైలులోకీ, సెషన్ దోషాలు హోమ్ డైరెక్టరీలోని డీటీ ఫోల్డర్‌లోకీ వెళ్లేవి. ఈ డెస్క్‌టాప్‌ను 2012 ఆగస్టులో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు.

లినక్స్ కాలం

కేడీఈ 1.0 1998 జులైలో వచ్చింది. దాని కేడీఎం ఎక్స్‌డీఎం కోడు నుంచే పుట్టింది. గ్నోమ్ వారి జీడీఎంను మార్టిన్ పీటర్సన్ కొత్తగా రాశారు. పాస్‌వర్డ్ తనిఖీ ఈసరికి పామ్ అనే విడి పొరకు మారింది. 1995లో సన్ ఉద్యోగులు విపిన్ సమర్, రోలాండ్ షెమర్స్ ప్రతిపాదించిన పద్ధతి అది. దాంతో అక్షరాల తెరలో పనిచేసే పాస్‌వర్డ్ గ్రాఫికల్ తెరలో పనిచేయకపోవడం సాధ్యమైంది, ఎందుకంటే పామ్‌లో రెండింటికీ వేర్వేరు నియమాల ఫైళ్లు.

రెడ్ హ్యాట్ లినక్స్‌లో గ్రాఫికల్ లాగిన్‌కు కేటాయించిన ఐదో రన్‌లెవల్ చేరగానే ఇనిట్ లాగిన్ మేనేజర్‌ను మొదలుపెట్టి, అది ఆగిపోతే మళ్లీ లేపేది. ఎక్స్ సర్వర్ లేవలేని స్థితిలో తెర వెలుగుతూ ఆరుతూ కళ్లు చెదిరేలా ఆడేది. రెండు నిమిషాల్లో పదిసార్లకు మించి ఇలా జరిగితే ఇనిట్ ఐదు నిమిషాలు విరామం ప్రకటించేది. ఆ విరామమే అడ్మినిస్ట్రేటర్‌కు దొరికే అవకాశం. ఫిక్స్‌డ్ అనే ఫాంటు తెరవలేకపోయానని లాగ్‌లో కనిపించేది ఈ సందర్భాల్లోనే. ఫాంటు పోయిందేమోనని వెతికితే లాభం ఉండేది కాదు. చాలాసార్లు డిస్కు నిండిపోయేది, దాంతో ఫాంట్ సర్వర్ మొదలయ్యేది కాదు, ఫాంటు లేక ఎక్స్ సర్వర్ కూలిపోయేది, చివరికి లాగిన్ తెర రాకుండా పోయేది.

జీడీఎం పాత వెర్షన్లు సెషన్ పది సెకన్లలోపే ముగిస్తే ఆ విషయం చెప్పి, డిస్కులో చోటు లేకపోవచ్చని సూచించి, దోషాల ఫైలును అక్కడే చూపించేవి. ఎక్స్‌డీఎం తేడా చూడని చోట జీడీఎం తేడా పట్టింది, మంచి మెరుగుదల. 2008లో విలియం జాన్ మెక్‌కాన్ చేతుల మీదుగా జీడీఎంను తిరగరాసినప్పుడు ఎన్నో పాత ఎంపికలు పోయాయి, అడ్మినిస్ట్రేటర్లు గట్టిగానే ఫిర్యాదు చేశారు. 2011 అక్టోబరులో ఉబుంటు రాబర్ట్ ఆన్సెల్ రాసిన లైట్‌డీఎంకు మారి, 2017లో తిరిగి జీడీఎంకు వచ్చింది. కేడీఈ కూడా ప్లాస్మా 5తో కేడీఎంను వదిలి ఎస్‌డీడీఎంను చేపట్టింది.

ఈ కాలంలో అందరినీ వేధించింది లాగిన్ చక్రం: పాస్‌వర్డ్ కొట్టడం, తెర ఒక్కసారి నల్లబడటం, మళ్లీ లాగిన్ తెర. తరచూ కనిపించే కారణం ఎక్స్‌అథారిటీ అనే దాపుడు ఫైలు. ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే హక్కును రుజువు చేసే రహస్య సంఖ్య అందులో ఉంటుంది. యూజర్ ఎప్పుడో సుడో పెట్టి గ్రాఫికల్ ప్రోగ్రాము నడిపితే ఆ ఫైలు రూట్ సొంతమైపోవచ్చు. ఆ రోజు ఏమీ తెలియదు. మరుసటి లాగిన్‌లో సెషన్ ఆ ఫైలులో రాయలేక ముగిసిపోతుంది. కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ చేసి చూస్తే విషయం తేలిపోతుంది. కొత్త యూజర్ లోపలికి వెళ్లగలిగితే లోపం పాత యూజర్ హోమ్ డైరెక్టరీలో ఉన్నట్టు. అప్పుడు ఫైలు యజమానిని మార్చాలి, లేదా ఆ ఫైలును తొలగిస్తే సరి, లాగిన్‌లో కొత్తది పుడుతుంది.

సిస్టమ్‌డీ, వేలాండ్

2011లో ఫెడోరా 15తో మొదలై చాలా లినక్స్ పంపిణీలు పాత ఇనిట్ నుంచి సిస్టమ్‌డీకి మారాయి. లాగ్‌లు చాలావరకు సిస్టమ్‌డీ జర్నల్‌లోకి చేరాయి; లాగిన్ మేనేజర్ సేవ పేరిచ్చి జర్నల్‌సీటీఎల్ కమాండు కొడితే ఈ బూట్‌లో జరిగిందంతా వరుసగా వస్తుంది. ఎక్స్ సర్వర్ రూట్ అధికారం లేకుండా నడిచే చోట దాని లాగ్ వార్ డైరెక్టరీలో కాక యూజర్ హోమ్‌లో ఉంటుంది. పాత చోట పాత తేదీ ఫైలు చూసి మోసపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. 2015లో గ్నోమ్ 3.16 నుంచి జీడీఎం తన లాగిన్ తెరనే ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్ మీద నడపసాగింది. గ్రాఫిక్స్ డ్రైవర్ దానికి సహకరించని యంత్రాల్లో కస్టమ్ కాన్ఫ్ ఫైలులో వేలాండ్‌ను ఆపి ఎక్స్‌తో నడిపించుకోవడం వాడుకలోకొచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం పాత ఎక్స్‌డీఎంనే శుభ్రపరిచి, ఎక్స్‌డీఎంసీపీ తీసేసి, 2017లో జెనోడీఎం పేరుతో చేర్చుకుంది.

తెలుగు వాడేవారికి

కీబోర్డు అమరికలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే ఉన్నా, మొదటి స్థానంలో ఉన్నా, లాగిన్ గడిలో ఇంగ్లిష్ పాస్‌వర్డ్ బదులు తెలుగు అక్షరాలు పడతాయి. కనిపించేవి చుక్కలే కాబట్టి ఆ సంగతి తెలియదు. ఇంగ్లిష్ అమరికను మొదట ఉంచి తెలుగును రెండోదిగా పెట్టుకోవాలి. రెండో ఇబ్బంది అక్షరాల కన్సోల్‌ది. లినక్స్ కెర్నల్ కన్సోల్ గరిష్ఠంగా 512 అక్షర రూపాలనే చూపగలదు, తెలుగు గుణింతాలు, ఒత్తులు కూర్చలేదు. సిస్టమ్ భాష తెలుగైతే అక్కడ దోష సందేశాలు చదవరాకుండా వస్తాయి. కమాండుకు ముందు లాంగ్ విలువను సీ అని పెడితే అవి ఇంగ్లిష్‌లో వస్తాయి.

లాగిన్ తెర మొరాయించగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల కన్సోల్‌లోకి వెళ్లండి. అదీ రాకపోతే మరో కంప్యూటరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ప్రవేశించండి. ముందు డిస్కులో చోటు చూడండి, తర్వాత హోమ్ డైరెక్టరీలోని ఫైళ్ల యజమాని ఎవరో చూడండి, ఆ తర్వాత లాగ్ చదవండి. ఎస్‌ఎస్‌హెచ్ సేవను మాత్రం కంప్యూటరు బాగున్న రోజునే సిద్ధం చేసి పెట్టుకోవాలి.