క్యాసెట్‌లోని పాట బ్రౌజర్‌లోకి వచ్చిన దారి

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. అక్కడి ఉద్యోగాల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి కూడా ఎన్నో కుటుంబాలు తరలివెళ్ళాయి. భిలాయిలో రిసాలి వంటి క్వార్టర్ల కాలనీల్లో పెరిగిన తొంభైల తరానికి, దేశంలో మిగతా పిల్లలకు లాగే, మారియో, కాంట్రా ఆటల బాణీలు తెలుసు. అప్పట్లో మన దగ్గర టీవీకి తగిలించిన గేమ్ పెట్టెల్లో చాలావరకు జపాన్ నింటెండోకు నకళ్ళే.

ఆ పెట్టెల్లో పెట్టే ఆటల క్యాసెట్లలో రికార్డు చేసిన పాట ఉండేది కాదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మూడు నిమిషాల ఎంపీ3 పాటకు అంతకు ఎన్నో రెట్ల చోటు కావాలి. కోజి కొండో స్వరపరిచిన బాణీ అందులో గేమ్ పెట్టెలోని చిప్పుకిచ్చే ఆదేశాలుగా ఉంటుంది. 2ఎ03 అనే ఆ చిప్పుకు ఐదే గొంతులు: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, చిన్న చిన్న రికార్డు ముక్కలు పలికించేది ఇంకొకటి. మారియో ఎగిరినప్పుడు వచ్చే శబ్దం కూడా వాటిలో ఒకదాన్ని కాసేపు లాక్కుంటుంది. ఇంత ఇరుకులో అంత హుషారైన పాట కట్టడం గొప్ప పనితనం.

అందుకే ఈ సంగీతాన్ని వినిపించాలంటే చిప్పునే సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ కట్టాలి. కెవిన్ హార్టన్ రూపొందించిన ఎన్‌ఎస్‌ఎఫ్ ఫైల్లో ఆటలోని సంగీతం కోడు, దాని ముందు 128 బైట్ల హెడర్ ఉంటాయి. ప్లేయర్ ఆ కోడును సెకనుకు సుమారు 60 సార్లు నడుపుతుంది. బ్లార్గ్ పేరుతో రాసే షే గ్రీన్ ఇలాంటి ఎన్నో పాత యంత్రాల శబ్దాలను గేమ్ మ్యూజిక్ ఎమ్యు అనే ఒకే సి++ లైబ్రరీలోకి తెచ్చాడు.

బ్రౌజర్ సంగతి వేరు. చాలాకాలం దానికి సిద్ధంగా ఉన్న ఫైలును వినిపించడమే తెలుసు. 2011 డిసెంబరులో, శబ్దాన్ని బ్రౌజర్‌లోనే తయారుచేయనిచ్చే వెబ్ ఆడియో ప్రమాణం తొలి ముసాయిదా వెలువడింది. సి++ కోడును బ్రౌజర్‌కు పనికొచ్చేలా మార్చే ఎమ్‌స్క్రిప్టెన్ తోడైంది. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ అలా మార్చిన కోడును వేగంగా నడిపే వెబ్‌అసెంబ్లీ వచ్చింది. అయినా శబ్దం లెక్కలు పేజీ పనులతో ఒకే వరసలో నిలబడేవి, పేజీ తడబడితే పాట తెగేది. 2018లో క్రోమ్ 66తో వచ్చిన ఆడియో వర్క్‌లెట్ ఆ లెక్కలను విడిగా నడిపింది. అదే విడుదలలో తెచ్చిన, పేజీని తాకనిదే శబ్దం మొదలుకాకూడదనే ఆటోప్లే నిబంధన ఎన్నో వెబ్ ఆటల నోరు మూయించింది. ఫిర్యాదులు రావడంతో వెబ్ ఆడియో వరకు దాన్ని కొన్ని నెలలు వెనక్కి తీసుకున్నారు.

ఎంపీ3 చేయలేని పని ఒకటి ఇలా చిప్పును అనుకరించే ప్లేయర్ చేస్తుంది. గొంతులను ఒక్కొక్కటిగా ఆపవచ్చు. పల్స్ రెండూ ఆపేస్తే, చిన్నప్పుడు గోలలో కలిసిపోయిన ట్రయాంగిల్ బేస్ నడక ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.